మా నీళ్ళు, మీ సబ్బు

ముందుగది కిటికీ దగ్గర,
ఆదివారం మధ్యాహ్నం

వదినగారికి,

మీ సబ్బుల పెట్టె నిన్న సాయంత్రం చేరింది. ఒక్కటీ విరగలేదు. మీరు చుట్టిన కాగితం విప్పుతుంటే ఇల్లంతా వాసన. మావారు పక్కగదిలోంచి వచ్చి, "వియ్యపురాలుగారు వచ్చారా?" అని అడిగారు.

పెళ్ళి మాటలప్పుడు మనం అనుకున్నట్టే ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో నా మాట పెళుసుగా వస్తుంది. మీకేమో కోపం ముక్కు మీదే ఉంటుందని మీరే చెప్పారు. కాగితం మీదైతే ఇద్దరం మర్యాదస్తులమే.

పిల్లల పెళ్ళి అయినప్పుడే మేమూ ఈ ఇంటికి మారాం గనక, కోడలికీ నాకూ ఇల్లు సమానంగా కొత్త. ఊరి చివర కాలనీ. వీధిలో సగం ఇళ్ళకి ఇంకా సున్నం వెయ్యలేదు. పై రెండు గదులూ పిల్లలకి ఇచ్చేశాం. మీరు పిలిచే గువ్వ అన్న పేరే మాకూ అలవాటైపోయింది. పొద్దున్నే లేచి కళ్ళద్దాల షాపుకి వెళ్తుంది, సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని కూరలు తరుగుతుంది. ఏదడిగినా "సరే అత్తయ్యా" అంటుంది. మీ అల్లుడు లిఫ్టులు బాగుచేసి వచ్చి ఒంటినిండా గ్రీజుతో సోఫా మీద కూర్చుంటే, నేను అరిచేలోపు ఆ పిల్ల మాట్లాడకుండా ఒక పాత దుప్పటి పరిచేస్తుంది. ఇంత నెమ్మదైన పిల్లని నేను చూడలేదు.

ఈ ఇంట్లో మీ సబ్బు తప్ప వేరే సబ్బు లేదు. ఒంటికీ, తలకీ, మావారి గడ్డానికీ అన్నిటికీ అదే. ఆ ఆకుపచ్చ రంగు, అంచులు కోసిన తీరు, పైన మీ చేతిగుర్తు చూసి పక్కింటావిడ ఒకటి అడిగి పట్టుకుపోయింది.

మీ
వదిన


సబ్బుల గది,
పనివాళ్ళు వెళ్ళాక

వదినగారికి,

మీ ఉత్తరం మా పనివాళ్ళందరికీ చదివి వినిపించాను. అన్నయ్యగారు గడ్డానికి కూడా వాడుతున్నారంటే వాళ్ళు ఒకటే నవ్వు. ఈ పెట్టెలో ఆయన కోసం విడిగా గుండ్రంగా పోసినవి పెట్టాను. గిన్నెలో పట్టేలా ఉంటాయి.

మీకు తెలుసు గదా, గువ్వ వాళ్ళ నాన్న చనిపోయిన ఏడాది ఒక పాత గిన్నె, ఒక కర్ర గరిటెతో ఈ పని మొదలుపెట్టాను. మొదటిసారి కాచింది విరిగిపోయింది, రెండోది రాయిలా బిగిసింది. మూడోది కుదిరింది. ఆ మూడోదానితో స్నానం చేయించింది గువ్వకే. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ దాని ఒంటికి వేరే సబ్బు తగల్లేదు. స్కూల్లో పిల్లలు "నీ జుట్టు అద్దంలా ఉందే, ఏం రాస్తావే?" అని అడిగితే మా సబ్బు పేరు చెప్పి నాలుగు బేరాలు తెచ్చేది. అదే నా మొదటి ప్రకటన.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఎప్పుడు మాట్లాడినా "బాగున్నానమ్మా" అంటుంది, ఆ పైన మాట లేదు. మొన్న పంపిన ఫొటోలో తలకి రుమాలు కట్టుకుని ఉంది. ఎండకా?

మీ
వదిన


వంటగది బల్ల,
కుక్కర్ మీద కన్నేసి

వదినగారికి,

రుమాలు ఎండకి కాదు, నీళ్ళకి. మా నీళ్ళ కథ మీకు చెప్పలేదు కదూ.

ఈ కాలనీకి వచ్చే కుళాయి నీళ్ళు భూమి లోతుల్లోంచి తోడినవి. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండవు గానీ ఇక్కడందరూ ఉప్పు నీళ్ళనే అంటారు. ప్లంబర్ చెప్పాడు, అది ఉప్పు కాదట, సున్నమట. కెటిల్‌లో నీళ్ళు కాస్తే అడుగున తెల్లటి పొర. ఆ పొర మీద ఇంకో పొర. గోరుతో గీకితే పెంకుల్లా లేస్తుంది. స్టీలు గిన్నెలు కడిగి బోర్లిస్తే ఆరేసరికి ఒంటినిండా చుక్కలు. షవర్ కన్నాలు సగం మూసుకుపోయి నీళ్ళు గోడ మీదికి చిమ్ముతున్నాయి. వేడినీళ్ళ గీజరు విప్పించి చూస్తే లోపలి కాయిల్ సున్నం చొక్కా తొడుక్కుని ఉంది. "అమ్మా, ఇది నీళ్ళు కాయడం లేదు, రాళ్ళు కాస్తోంది" అన్నాడు ప్లంబర్.

తువ్వాళ్ళ సంగతి సరేసరి. ఆరేసినవి తీస్తే అట్టముక్కల్లా వాటంతట అవే నిలబడుతున్నాయి. మావారు ఒకటి తలుపు పక్కన నిలబెట్టి "ఎవరో వచ్చారు చూడు" అని నన్ను పిలిచారు.

అయితే నేను ఊరుకునే మనిషిని కాదని మీకు తెలుసు. షవర్‌కి ప్లాస్టిక్ సంచీలో వెనిగర్ పోసి కట్టాను, పొద్దున్నకల్లా కన్నాలన్నీ తెరుచుకున్నాయి. కెటిల్‌లో నిమ్మ ఉప్పు వేసి మరిగిస్తే కొత్తదానిలా మెరిసింది. ఈ నీళ్ళలో పప్పులు ఉడకవు గనక వాటికి మాత్రం కొన్న మంచినీళ్ళు. గిన్నెలు కడిగిన వెంటనే గుడ్డతో తుడవాలి, ఆరనివ్వకూడదు. ఇంట్లో అందరికీ ఈ పద్ధతి నేర్పాను. ఒక్కో జబ్బుకీ ఒక్కో మందు కనిపెట్టాను, ఇంక మిగిలినవి రెండో మూడో.

జుట్టు అందరికీ కాస్త బిరుసెక్కి రాలుతోంది. మావారికి రాలడానికేమీ లేదు గనక ఆయన ధైర్యంగా ఉన్నారు. గువ్వది ఒత్తైన జుట్టు గదా, దువ్వెన దిగడం లేదని రుమాలు కడుతోంది. కంగారు పడకండి, దానికీ దారి చూస్తాను.

సబ్బుల వాసన ఎప్పటిలాగే అద్భుతం.

మీ
వదిన


సబ్బుల గది,
శుక్రవారం

వదినగారికి,

మా సబ్బులు కొని ఈ చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మే వర్తకుడు ఒకాయన పని మీద మీ వైపు వెళ్ళి నిన్న వచ్చాడు. గువ్వని చిన్నప్పట్నుంచీ ఎరుగును. కళ్ళద్దాల కోసం దాని షాపుకే వెళ్ళాడట. నేను అడక్కుండానే ఆయన చెప్పిన మాటలు మీకు అలాగే రాస్తున్నాను.

"అమ్మా, మీ అమ్మాయిని నేను గుర్తుపట్టలేదు. జుట్టు చీపురు పుల్లల్లా ఉంది. చేతులు గీరుకుంటోంది. మాట్లాడిస్తే నవ్వుతుంది గానీ ఆ నవ్వులో కళ లేదు."

వదినగారూ, నీళ్ళంటే నీళ్ళే కదా. ఊరికో రకం ఉంటాయి, నిజమే. కానీ నీళ్ళకి మనిషి మొహంలో కళ తీసేసేంత శక్తి ఉంటుందా? పెళ్ళై కొత్తింటికి వెళ్ళిన పిల్లకి జుట్టెందుకు రాలుతుందో ఆడవాళ్ళం మనకి తెలియనిదా? నేను మిమ్మల్ని ఒక్క మాట అనడం లేదు. ఇల్లు కొత్త, మనుషులు కొత్త, పైగా అది నోరు విప్పి చెప్పే రకం కాదు. ఎవరి వల్లా కాకుండానే ఒక పిల్ల దిగులు పడొచ్చు.

ఈసారి రెట్టింపు సబ్బులు పంపుతున్నాను. ధారాళంగా రుద్దుకోమనండి, తలకి రెండేసి సార్లు. కొంతకాలం దాన్ని నా దగ్గరికి పంపండి. షాపులో సెలవు పెట్టమని నేనే చెప్పాను, సరేనంది.

ఇట్లు,
గువ్వ అమ్మ


ముందుగది,
బుధవారం

వియ్యపురాలుగారికి,

అమ్మాయిని రేపటి బస్సుకి మీ అల్లుడు తీసుకొస్తున్నాడు. బట్టలన్నీ ఇస్త్రీ చేయించి సర్దాను. చేతులకి రాసుకునే క్రీము పైన జేబులో ఉంది.

మీరు పంపిన సబ్బులు అందాయి. మీరు చెప్పినట్టే రెండేసి సార్లు రుద్దుకుంది.

బయల్దేరేముందు అడిగాను, "ఇక్కడ నీకేమైనా కష్టంగా ఉందా తల్లీ? ఉంటే నా మొహం మీదే చెప్పు. నేను అరుస్తాను గానీ కరవను."

"అయ్యో, ఏం లేదత్తయ్యా" అంది.

మరి ఏమీ లేకపోతే రుమాలు తీసి కళ్ళెందుకు తుడుచుకుందో నాకు చెప్పలేదు. మీకైనా చెబుతుందేమో కనుక్కోండి.

ఇట్లు,
మీ అల్లుడి అమ్మ


సబ్బుల గది,
ఆదివారం

వియ్యపురాలుగారికి,

మీ దగ్గర ఏదీ దాచను. కోపంతో రాస్తున్నానని కూడా అనుకోకండి. బాగా ఆలోచించే రాస్తున్నాను.

గువ్వ వచ్చిన రోజు దాని తల నేనే రుద్దాను. రుమాలు విప్పి చూస్తే జుట్టు జిగురు పూసిన తాడులా ఉంది. మొదటి స్నానానికి సగం దిగింది, నాలుగో స్నానానికి దువ్వెన జారింది. ఇప్పుడు మళ్ళీ ఎప్పటి జుట్టే. చేతుల మీద మంట పోయింది. అక్కడ వాడిన సబ్బే ఇక్కడా వాడాను, అదే వాయిలో కాచిన ముక్కలు. కాబట్టి లోపం సబ్బులో లేదు, పిల్లలో లేదు. మారింది ఇల్లొక్కటే. దీన్నిబట్టి ఏమనుకోవాలో మీరే చెప్పండి.

మా వీధి చివర ఒక పోర్షన్ ఖాళీగా ఉంది. రెండు గదులు, మేడ మీద, గాలి బాగా వస్తుంది. ఇంటాయన మనకి తెలిసినవాడు, నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. అల్లుడుగారి పనికి ఇక్కడా లోటు లేదు. ఎత్తు మేడలు లేస్తున్నాయి, లిఫ్టులు చెడిపోవడం మొదలైంది. పిల్లలిద్దరూ ఇక్కడే ఉంటే ఎలా ఉంటుందని నా ఆలోచన. మీ అబ్బాయిని మీకు దూరం చెయ్యాలని కాదు. నా కూతురు నా కళ్ళముందు నవ్వుతుంటే మళ్ళీ పంపడానికి మనసొప్పడం లేదు, అంతే.

ఇట్లు,
గువ్వ అమ్మ


పెరటి మెట్లు,
ఉత్తరం అందిన రోజే

వియ్యపురాలుగారికి,

ఈ ఉత్తరంతో పాటు మీ అల్లుడు రెండు పెద్ద డబ్బాలు తెస్తాడు. వాటిలో ఉన్నది మా కుళాయి నీళ్ళు. మూతలకి టేపు వేశాను. బస్సులో అందరూ వాడిని వింతగా చూస్తారు. "అత్తగారింటికి నీళ్ళు మోసుకెళ్ళే అల్లుణ్ణి నేనొక్కణ్ణే" అని అప్పుడే సణుగుతున్నాడు.

నేను మీకు ఏమీ చెప్పను. మీ సబ్బు తీసుకోండి, మా నీళ్ళు తీసుకోండి, మీ చేతులతో కలపండి. మీ తల మీదే పోసుకోండి. మీరు ఈ పనిలో ఆరితేరిన మనిషి. నేను రాసే పది మాటలకంటే మీ వేళ్ళకి తెలిసేది ఎక్కువ.

ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారని అడుగుతారేమో. రెండో పెట్టె వచ్చినప్పుడే ఒక గ్లాసులో కొన్న మంచినీళ్ళు, ఒక గ్లాసులో కుళాయి నీళ్ళు పోసి, రెండింట్లో మీ సబ్బు ముక్క వేసి కలిపి చూశాను. ఏ గ్లాసులో ఏమైందో చూస్తుండగా గువ్వ వచ్చింది. నేను కుళాయి నీళ్ళ గ్లాసు పమిట చాటున పెట్టుకున్నాను. అది నా వైపు చూసి, "ఇలా ఇవ్వండత్తయ్యా, నేను కడుగుతాను" అని తీసుకుపోయింది. అంటే దానికీ తెలుసన్నమాట. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. మర్నాడు షాపు నుంచి షాంపూ సీసా తెచ్చి స్నానాల గది అలమరలో పెట్టాను. ఇప్పటికీ దాని మూత తియ్యలేదు. మీ సబ్బునే రుద్దుకుని, అది వదలక బకెట్లకి బకెట్లు పోసుకునేది. బయట నిలబడి నీళ్ళ చప్పుడు వింటూ నాకు ఏడుపొచ్చేది.

వితంతువుగా ఒక్కర్తె నిలబడి గిన్నె పెట్టి పైకొచ్చిన మనిషికి, "మీరు పంపింది మా ఇంట్లో పనికిరాదు" అని ఎలా రాయను? అదీ ఊరికే వచ్చిన సరుకుని పట్టుకుని? నన్ను చెడ్డ అత్తగారనుకుంటే అనుకోనీ, అది నాలుగు రోజుల మాట అనుకున్నాను. కానీ పిల్లలు వెళ్ళిపోవడం నాలుగు రోజుల మాట కాదు.

డబ్బాలు తెరిచాక కూడా తప్పు ఈ ఇంటిదేనని మీకు అనిపిస్తే, వాళ్ళ సామాను నేనే సర్ది పంపుతాను. గిన్నెలతో సహా.

ఇట్లు,
మీ అల్లుడి అమ్మ


సబ్బుల గది, తడి తలతో

వదినా,

గారు ఎక్కడికి పోయారని అడక్కండి. తల తడిసి, మతి పోయి ఉన్నాను. మర్యాద తరవాత చూసుకుందాం.

డబ్బా మూత తీసి బేసిన్‌లో పోశాను. నా సబ్బు తీసుకుని చేతులు రుద్దాను. నురగ రాలేదు. ఇంకాస్త రుద్దాను. నీళ్ళ మీద విరిగిన పాలలాగా తెల్లటి తునకలు తేలాయి. చేతికి జిడ్డు, బేసిన్ అంచుకి బూడిద రంగు గీత. నా సబ్బేనా అని చేతిగుర్తు చూసుకున్నాను. మా పనిపిల్ల అంది, "అమ్మా, నీళ్ళలో ఏదో కలిపి పంపారు." నేనూ మొదట అదే అనుకున్నాను, నిజం చెబుతున్నాను. అల్లుణ్ణి పిలిచి, "బాబూ, ఇవి నిజంగా కుళాయి నీళ్ళేనా?" అని అడిగాను. పాపం ఆయన, "అత్తయ్యగారూ, కావాలంటే నేను తాగి చూపిస్తా. రోజూ తాగేవే" అన్నాడు.

అప్పుడు తల మీద పోసుకున్నాను. వదినా, నా జుట్టు నా చేతుల్లోనే తాడైపోయింది. దువ్వెన పెడితే పళ్ళ నిండా తెల్లటి మైనం. ఇది రోజూ, నా మాట మీద తలకి రెండేసి సార్లు నా కూతురు చేసుకుంది. మా ఊరి నీళ్ళు కొండల్లోంచి దిగిన వాన నీళ్ళు. వాటిలో పుట్టి వాటిలోనే అమ్ముడుపోయే సబ్బుకి ప్రపంచమంతా అవే నీళ్ళనుకున్నాను.

మీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. వాసన మెచ్చుకున్నారు, రంగు మెచ్చుకున్నారు, అంచులు మెచ్చుకున్నారు. నురగ అన్న మాట ఒక్కచోటా లేదు. సబ్బు చేసేదాన్ని, నురగ మాట లేని మెప్పుని మెప్పనుకున్నాను చూడండి, అంతకంటే తెలివితక్కువ ఉంటుందా?

గువ్వని పిలిచాను.

"నీకు తెలుసుటే?"

"తెలుసమ్మా."

"మరి చెప్పవేం?"

"నీ సబ్బు పనికిరాదని నేనెలా చెప్పనమ్మా?"

"అత్తగారికైనా చెప్పొచ్చుగా?"

"ఆవిడకి తెలుసు. నిన్ను అనలేక ఆవిడ ఊరుకున్నారు. ఆవిడ ఊరుకున్నారని నేను ఊరుకున్నాను."

"మీ ఆయనకి?"

"ఆయనకి గ్రీజు వదిలితే చాలు, ఆయన డీజిల్‌తో కడుక్కుంటారు."

తరవాత అసలు సంగతి అడిగాను. "ఇక్కడుంటావా, అక్కడుంటావా? నాకోసం కాదు, అత్తగారి కోసం కాదు, నీకేది ఇష్టం?" అన్నాను. "మీరంతా ఎలా అంటే అలాగే" అంది. ఆ జవాబు నాకు నచ్చలేదు వదినా. కళ్ళముందు నవ్వుతోందని మురిసిపోయాను గానీ, అది ఇక్కడా నోరు విప్పడం లేదు. నా కోపానికి ఎదురు చెప్పకుండా పెరిగింది. ఇప్పుడు మీ ఇంట్లోనూ అదే చేస్తోంది. జుట్టు బాగుపడింది గానీ ఇదెలా బాగుపడుతుందో నాకు తెలియడం లేదు. పోర్షన్ ఇంకా వద్దనలేదు. అది నోటితో ఏదో ఒకటి చెప్పేదాకా అనను.

మిగిలిన డబ్బా నీళ్ళతో పని మొదలుపెట్టాను. కొబ్బరినూనె పాళ్ళు పెంచి, నిమ్మ ఉప్పు కలిపి కొత్త వాయి కాచి పోశాను. మీరు కెటిల్‌కి వేసిన మందే, సున్నాన్ని అది పట్టుకుంటుంది గదా అని. ఆరడానికి నెలన్నర పైనే పడుతుంది. ఈలోగా మీరు ఆ షాంపూ సీసా మూత తియ్యండి. ఈ మాట నా చేత్తో నేను రాశానని ఎవరికీ చెప్పకండి.

మీ
వదిన


వంటగది బల్ల

వదినా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివి, మావారికి నాలుగోసారి చదివి వినిపించాను. "ఇంతకీ ఇద్దరిలో ఎవరు గెలిచారు?" అన్నారు. "కుళాయి" అన్నాను.

గువ్వని పంపండి. ఇక్కడే ఉంచేసుకోవడానికి కాదు. అక్కడే ఉంచేసుకుంటే మీకు జవాబు దొరకదు, ఇక్కడే ఉంచుకుంటే నాకు దొరకదు. సెలవు అయిపోయింది గనక షాపుకి రావాలి, వచ్చి నెలాఖరు లోపు తనే చెప్పనివ్వండి. ఒకటి మాత్రం ఒప్పుకుందాం. మనిద్దరం దాన్ని ఏమీ అడగొద్దు. పెద్దవాళ్ళం అడిగిన కొద్దీ అది సరే అంటుంది. నేను ఇంట్లో అందరి ముందూ అన్నిటికీ వంకలు పెట్టడం మొదలుపెడతాను. వంకలు పెట్టినా ఈ ఇంట్లో కొంపలు మునగవని చూస్తే ఏమైనా ఫలితం ఉంటుందేమో.

కొత్త సబ్బు ఆరగానే పంపండి. ఈసారి నురగ సంగతి రాస్తాను, వచ్చినా రాకపోయినా.

మీ
వదిన


ముందుగది,
ఆదివారం, ఇప్పుడే

వదినా,

ఇది వెంటనే రాయకపోతే గువ్వ నా చేతిలోంచి కలం లాక్కుని తనే రాస్తానంటోంది. వెనక నిలబడి చదువుతోంది కూడా.

వచ్చిన దగ్గర్నుంచీ షాంపూ వాడుతోంది, జుట్టు ఫర్వాలేదు. నేను అన్నట్టే వంకలు పెట్టాను. కూర బాగోలేదన్నాను, నేనే వండినది. మావారి చొక్కా బాగోలేదన్నాను. మీ అల్లుడు గ్రీజుతో కూర్చుంటే దుప్పటి పరచనివ్వకుండా లేపి నిలబెట్టాను. గువ్వ అందరినీ చూస్తూ ఉండేది, నోరు మాత్రం విప్పేది కాదు. నెలాఖరు దగ్గరపడుతుంటే నాకు నిద్ర పట్టడం మానేసింది. మీరు ఇంటాయనతో ఇంకో నెల గడువు అడిగానని రాసినప్పుడు మీకూ అంతేనని తెలిసింది.

నిన్న మీ కొత్త సబ్బులు వచ్చాయి. ముందు నేను చూశాను. నురగ వచ్చింది వదినా. చేతుల మీద తెల్లగా, మెత్తగా, మోచేతుల దాకా వచ్చింది. బేసిన్ అంచుకి గీత లేదు, ఒంటికి జిడ్డు లేదు. మావారు గడ్డానికి పెట్టుకుని సగం మొహం నురగతో బయటికొచ్చి కాలనీ అంతా కనబడేలా బాల్కనీలో నిలబడ్డారు. ఒంటికి మీ సబ్బు గెలిచింది. ఇది మొహమాటానికి రాస్తున్నది కాదు.

ఇక తల. ఈ పొద్దున గువ్వ స్నానానికి వెళ్ళింది. మేం ముగ్గురం ముందుగదిలో కూర్చున్నాం. కాసేపు నీళ్ళ చప్పుడు, తరవాత చప్పుడు లేదు. ఆ తరవాత ఒక్క కేక.

"అత్తయ్యా!"

నేను పరిగెత్తాను. "ఏమైందే, జారావా?"

"ఈ సబ్బు తలకి పెట్టుకోమన్నదెవరు?"

"మీ అమ్మ."

"మా అమ్మకి బుద్ధి లేదు! పెట్టుకోమని చేతికిచ్చిన మీకూ లేదు! మళ్ళీ తాడైంది! ఇద్దరూ కలిసి నా తల మీద ప్రయోగాలు చేస్తున్నారా? చేస్తే మీ తలల మీద చేసుకోండి! షాంపూ ఇటివ్వండి!"

ముందుగదిలో మావారు పేపరు దించేశారు. నేను తలుపు సందులోంచి సీసా అందించాను.

కాసేపటికి తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, గడప దగ్గర నాలిక కరుచుకుని నిలబడింది.

"సారీ అత్తయ్యా."

"దేనికి?"

"అలా అరిచినందుకు."

"మళ్ళీ అరువు. రెండో ముక్క సరిగ్గా వినపడలేదు."

ముందు నవ్వింది. తరవాత ఏడ్చింది. తరవాత కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది, ఇప్పటిదాకా ఆపలేదు. షవర్ ఎత్తు తక్కువట. మెట్ల దగ్గర లైటు మార్చమని మీ అల్లుడికి ఎన్నిసార్లు చెప్పాలట, ఆయన ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తారు గానీ ఇంట్లో ఒక బల్బు మార్చరట. నా కూరలో ఉప్పు మొదటి రోజు నుంచీ ఎక్కువేనట. ఇది మాత్రం నాకు కాస్త తగిలింది, అయినా భరించాను. ఇంటింటికీ సున్నం పట్టిన గీజర్లు పెట్టుకుని ఎవరికి వాళ్ళు వెనిగర్ పోసుకుంటూ కూర్చుంటే ఏం లాభం, కాలనీ మొత్తం కలిసి నీళ్ళ ఆఫీసుకి వెళ్ళాలట. పక్కింటావిడతో, ఎదురింటి మేష్టారితో మాట్లాడేసిందట కూడా. మంగళవారం వెళ్తున్నారు. కళ్ళద్దాల షాపులో సెలవు అడిగింది, ఇవ్వకపోతే గొడవ పెట్టుకుంటానంటోంది.

"మరి ఆ పోర్షన్..." అని మీ అల్లుడే నసిగాడు. మనం అడగొద్దనుకున్నాం గానీ వాడితో ఒప్పందం లేదు గదా.

గువ్వ తువ్వాలు విప్పుతూ అంది, "ఇంత పని ఇక్కడ పెట్టుకుని నేనెక్కడికి వెళ్తాను? అమ్మకి రాయండత్తయ్యా, ఆ ఇంటాయన్ని ఇంకెవరికైనా ఇచ్చుకోమనండి. పండగలకీ సెలవలకీ అమ్మ దగ్గరికి వెళ్తాను, నాకు బెంగేస్తే వెళ్తాను, మీ మీద కోపం వస్తే కూడా వెళ్తాను. ఉండేది మాత్రం ఇక్కడ."

మాటలు దానివే, నేను ఒక్కటీ మార్చలేదు. వెనక నుంచి సరిచూసుకుంటోంది.

కాబట్టి వదినా, కొత్త సబ్బు ఒంటికి వందకి వంద, తలకి సున్న. కబురు చల్లగా అందుకోండి, మళ్ళీ గిన్నె ఎక్కించండి. మీ సబ్బులకి ఎన్ని నెలలు కావాలంటే అన్ని నెలలు ఆరనివ్వండి. తొందరేం లేదు, పిల్ల ఎక్కడికీ వెళ్ళడం లేదు.

మీ
వదిన